తలుపుకి తలుపు

కొత్తగా కడుతున్న మేడ ముందు, ఇసుక గుట్ట పక్కన, పనివాళ్ళ కోసం తెచ్చి దింపిన రెండు ప్లాస్టిక్ బాత్రూం డబ్బాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకదాని లోపల కోడలు. బయట, చంటివాణ్ణి ఎత్తుకుని అత్త.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉన్నానే. నిన్ను డబ్బాలో పెట్టి ఎక్కడికి పోతాను?"

"బాబు ఏడుస్తున్నాడా?"

"లేదు."

"ఏడవకపోతే ఏం చేస్తున్నాడు?"

"నా గాజు చప్పరిస్తున్నాడు."

"అయ్యో, దానికి సిమెంటు దుమ్ముంటుంది అత్తయ్యా! నోట్లోంచి తీసేయండి. టోపీ ఉందా నెత్తిన? ఎండలో నిలబడలేదు కదా?"

"నీ డబ్బా నీడలోనే నిలబడ్డాను. ముందు నీ సంగతి చెప్పు. ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది, పైన చిల్లులున్నాయిగా. ఆయనేరీ?"

"క్రేనతన్ని వెతకడానికి వెళ్ళాడు. అన్నం తినడానికి ఎక్కడికి పోయాడో మహానుభావుడు, ఫోనెత్తడం లేదు."

"అసలు రెండోది ఇంత దగ్గరగా ఎవరు దింపమన్నారు? గడియ పడుతుందో లేదో చూడ్డానికి నేను లోపలికెళ్ళానని తెలుసుగా?"

"దింపింది క్రేనతనే."

"దింపింది అతనే. రానీ, రానీ, ఇంకా రానీ అని అరిచిన గొంతు మాత్రం అతనిది కాదు."

"గొంతుదేముందిలే, ఎవరిదైతేనేం."

"అత్తయ్యా!"

"అలవాటే! మన పెరట్లో ఎప్పుడూ తలుపుకి తలుపు ఆనించే కదా పెడతాం, గాలికి కొట్టుకోకుండా, కుక్కలు దూరకుండా. చెయ్యి దానంతటదే ఊగింది. పెరట్లో డబ్బాల్లో మనుషులుండరు మరి!"

"కొంచెం తోసి చూడండి."

"తోశాను. చంకలో వీణ్ణి పెట్టుకుని ఒంటి చేత్తో ఏం తోస్తాను, నేనేమైనా ఏనుగునా? పోనీ ఎవర్నైనా పిలవనా?"

"వద్దొద్దు, సైటంతా చెప్పుకుని నవ్వుతారు. ఆయన్ని రానివ్వండి."

"అయితే ఊరుకో. ఉండు, ఉండు... ఆవిడ వస్తోంది."

"ఎవరు?"

"ఇంజనీరమ్మ. నెత్తిన తెల్ల టోపీ. గబగబా వస్తోంది. మొహం చిటపటలాడుతోంది."

"అమ్మో! నేనిందులో ఇరుక్కున్నానని చెప్పకండి. ఈ రెండూ నచ్చితేనే మిగతావన్నీ మన దగ్గర తీసుకుంటారు. డబ్బా దింపడం కూడా చేతకాని వాళ్ళనుకుందా, అంతే సంగతులు. ఆయన మళ్ళీ ఇంకొకరి లారీ తోలుకోవాల్సిందే."

"నాకు తెలుసులే. నువ్వు మాత్రం మాట్లాడకు."

"నాకసలు ఆవిడతో మాట్లాడ్డం రాదు, మీరే చూసుకోండి."

"ఏవండీ, డబ్బాల వాళ్ళు మీరేనా?"

"మేమేనండీ, రండి రండి. మా అబ్బాయి ఇప్పుడే వచ్చేస్తాడు. వీడు మా మనవడు. ఈ ఇటుకల మీద కూర్చోండి ఇంజనీరమ్మా."

"వద్దు, నాకు టైం లేదు. ఇవెంతసేపట్లో తయారవుతాయి?"

"తయారేనండీ. మా కోడలు లోపల పరీక్ష చేస్తోంది."

"ఇంకా ఎంతసేపు చేస్తుంది?"

"మా దగ్గర అంతా పద్ధతిగా జరుగుతుందండీ. గడియ, గాలి, వెలుతురు, అన్నీ చూస్తే గానీ బయటికి రాదు."

"తలుపు ఏ వైపుంది?"

"తలుపా... అటువైపుందండీ."

"అటువైపు ఇంకో డబ్బా ఉందిగా?"

"దాని తలుపు ఇటువైపుంది."

"అదేం పెట్టడం?"

"ఎండకి రంగు పోకుండా ఉంటుందండీ."

"సరే, ఏదో ఒకటి. త్వరగా తేల్చేద్దాం. నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. డబ్బాలన్నీ గేటు పక్కన ఒకే వరస. ఆడవాళ్ళవి చివర్న. అక్కడ రేకుల పంచ ఉంది, పనివాళ్ళు కూర్చునే చోటు, నీడ ఉంటుంది. శుభ్రం చేసే బండి లోపలికి రానక్కర్లేదు, రోడ్డు మీద నిలబడి గొట్టం వేసుకుంటుంది. ఇంతే. మీకు సరేనా?"

"మీరెలా అంటే అలాగేనండీ."

"అలాగే కాదు అత్తయ్యా!"

"ఎవరది?"

"మా కోడలేనండీ. పరీక్ష చేసేటప్పుడు మాట్లాడుతుంటుంది."

"నమస్కారం మేడమ్. నేనే మేడమ్, కోడల్ని. ఆడవాళ్ళవి గేటు పక్కన వద్దు మేడమ్."

"ఎందుకొద్దు?"

"అదీ... మీరు చెప్పండి అత్తయ్యా."

"నేనేం చెప్పను? వద్దన్నది నువ్వు."

"అమ్మా, ఏదైనా ఉంటే బయటికొచ్చి చెప్పండి."

"బయటికా? ఇంకో రెండు మూడు చూడాల్సినవి ఉన్నాయి మేడమ్, ఇక్కణ్ణుంచే చెప్తాను. ఇందాక మా అత్తయ్య బాబుని తిప్పుతుంటే, ఇద్దరు మేస్త్రీలొచ్చి ఈ డబ్బాకి వీపానించి కూర్చున్నారు. నీడ కదా. లోపల మనిషుందని వాళ్ళకి తెలీదు. ఒకాయన వాళ్ళ మామగారి మోకాలి నొప్పి గురించి మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. ఏ నూనె రాశారో, ఏ కాలికి తగ్గిందో అంతా తెలుసు నాకిప్పుడు."

"అయితే?"

"ఇంకొకాయన చుట్ట వెలిగించాడు. పొగంతా చిల్లుల్లోంచి లోపలికే. దగ్గొచ్చింది మేడమ్. దగ్గలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. తలుపేసుంది, గడియుంది, ఎవరికీ కనపడను, అయినా సరే. దగ్గడానికే అంత సిగ్గేసింది. ఇందులోకి ఎవరూ దగ్గడానికి రారు కదా మేడమ్."

"అంత సున్నితంగా ఉంటే సైట్లలో కుదరదమ్మా. నేను ఇన్నేళ్ళుగా ఇక్కడే బతుకుతున్నాను. నాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. అలవాటైపోతుంది."

"ఎలా అలవాటవుతుందండీ?"

"అవుతుంది పెద్దావిడా. అంతే."

"అంతేనంటే ఎలాగండీ, మరి మీరు..."

"ఇప్పుడు నా సంగతెందుకు? డబ్బాల సంగతి మాట్లాడండి."

"వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు మేడమ్. మామగారి కాలు తలుచుకుని పాపం నొచ్చుకున్నాడు కూడా. కానీ ఈ గోడ ఇంత పల్చన. వాళ్ళ మాట నాకు వినిపించిందంటే, నా చప్పుడు వాళ్ళకి వినిపించదా? పంచ పక్కన పెట్టారంటే ఎప్పుడూ ఎవరో ఒకరు ఆనుకునే ఉంటారు. ఆడవాళ్ళు మంచినీళ్ళు మానేస్తారు గానీ లోపలికి మాత్రం రారు."

"మరెక్కడ పెట్టమంటారు? వెనక గోడ దగ్గరికి బండి వెళ్ళదు, కంకరలో దిగబడుతుంది."

"బండి లోపలికెందుకు మేడమ్? గోడకవతల సందుంది, వచ్చేటప్పుడు చూశాను. అందులో ఆపితే గోడ మీంచి గొట్టం వేస్తారు ఆయన. మా గొట్టం పొడుగే. కదా అత్తయ్యా?"

"పొడుగా? విప్పి ఆరేశామంటే ఇల్లు చుట్టొచ్చి మళ్ళీ మన కాళ్ళకే తగులుతుంది."

"అంత దూరం నడిస్తే పని ఆగుతుంది."

"నడిచినంతసేపే ఆగుతుంది మేడమ్. పంచ దగ్గరైతే, ఆ మగవాళ్ళు ఎప్పుడు లేస్తారా అని చూస్తూ నిలబడాలి."

"ఊ... పిల్లాడెందుకేడుస్తున్నాడు?"

"ఆకలండీ."

"ఆకలేడుపా, నిద్రేడుపా అత్తయ్యా? నా గొంతు వినపడేట్టు దగ్గరికి తీసుకురండి. నాన్నా, బంగారం, వచ్చేస్తున్నా, ఇదిగో వచ్చేస్తున్నా..."

"పిల్లాడికి పాలివ్వకుండా ఏం పరీక్షమ్మా ఇది? ముందు బయటికి రండి."

"వస్తాను మేడమ్. సంచీ తగిలించుకోవడానికి లోపల కొక్కెం లేదు, అది ఎక్కడ కొట్టాలో..."

"నిజం చెప్పండి. మీరు రావట్లేదా, రాలేకపోతున్నారా?"

"అదీ మేడమ్..."

"పెద్దావిడా, మీరు చెప్పండి."

"ఎండకి రంగు పోకుండా..."

"రంగు సంగతి తర్వాత!"

"రాలేకపోతోందండీ. నేనే, రానీ రానీ అన్నది నేనే. ఇంటి దగ్గర అలవాటు. మా కోడలి తప్పేం లేదు, మా వాడి తప్పు అసలే లేదు. డబ్బాలు బంగారంలాంటివండీ. కావాలంటే నన్నింక మీ సైటుకి రానివ్వకండి, ఆర్డరు మాత్రం..."

"ఆగండాగండి. అయితే ఆ రెండోదాని తలుపు కూడా తెరుచుకోదా?"

"ఎలా తెరుచుకుంటుందండీ, తలుపుకి తలుపు."

"రెండూ తెరుచుకోవా?"

"రెండూనండీ."

"ఖర్మ!"

"మేడమ్, కోప్పడకండి మేడమ్. గేటు దగ్గరే పెట్టమంటే గేటు దగ్గరే పెడతాం. నేనేదో వాగాను. చదువుకున్న వాళ్ళు, మీకు తెలీదా..."

"మీరు కాసేపు ఆ మాటలాపండమ్మా. పెద్దావిడా, బాబుని కొంగుతో వీపుకి కట్టుకోండి. ఈ ఖాళీదానికి ఆ మూల మీరు పట్టండి, ఈ మూల నేను."

"అయ్యో, మీరు తోయడమేంటండీ! మేస్త్రీల్ని పిలుద్దాం, అదుగో పంచలోనే..."

"వద్దు! ఎవర్నీ పిలవకండి. మనం చాలు. ఊ, తోయండి. ఇంకా. ఇంకొంచెం రానీ..."

"ఆ మాట అనకండి మేడమ్, నాకిక్కడ గుండెలు జారిపోతున్నాయి!"

"కదిలిందే అమ్మాయ్! సందు పడింది. గడియ తియ్యి, అలా పక్కకి తిరుగు. తల జాగ్రత్త. హమ్మయ్య! ఇదిగో నీ కొడుకు."

"నా బంగారు కొండ... ఏడవకు, ఏడవకు, వచ్చేశాగా. మేడమ్, మావల్ల మీకెంత ఆలస్యమైందో! ఏమనుకోకండి. ఇంతకీ... మా డబ్బాలు..."

"అన్నీ మీవే తీసుకుంటాను. ఆడవాళ్ళవి వెనక గోడ దగ్గరే పెట్టండి. కాస్త పక్కకి జరగండి. మీరిద్దరూ ఈ తలుపు దగ్గరే నిలబడి, ఏదో ఒకటి గట్టిగా మాట్లాడుకుంటూ ఉండండమ్మా. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పట్నుంచీ ఆపుకుని ఉన్నాను."