ఒక్క ఫిర్యాదూ రాని పూట

మార్కాపురంలో మంచినీటి ప్లాంట్లు నడిపే ఆఫీసు అది. ఊళ్లవాళ్లు యాప్‌లో పెట్టే ఫిర్యాదులు ఆఫీసు సొంత సర్వర్‌కి చేరేవి. ఆ పొద్దు ఆఫీసు చూసుకునే ఆమె, కంప్యూటర్ పని చేసే కుర్రాడి పక్కన తెర వంకే చూస్తూ కూర్చుంది.

"తమ్ముడూ, ఒక్క ఫిర్యాదూ రాలేదేంది?"

"అన్నీ బాగున్నాయేమో అక్కా."

"ఈ ఎండల్లోనా? ఏమన్నా మార్చినావా?"

"యాప్‌ని సర్వర్‌లోకి రానిచ్చే పాత టోకెన్ నిన్న తీసేసినా. అది అన్నీ మార్చగలిగే అడ్మిన్‌ది, ఎవరి చేతిలో పడినా కష్టమే."

"మంచిపనే. యాప్‌లో కొత్తది పెట్టినావా?"

అతను గబగబా యాప్ సెట్టింగులు తెరిచాడు.

"మర్చిపోయినా అక్కా."

"ఇప్పుడే పెట్టు. అడ్మిన్‌ది వద్దు, ఫిర్యాదు రాసేంత అనుమతి చాలు."

అతను టోకెన్ పెట్టగానే, ఆగిపోయిన ఫిర్యాదులన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి.

"యర్రగొండపాలెం అవతల గూడెందక్కా. ప్లాంటు నీళ్లు వాసనొస్తున్నాయని నిన్ననే పెట్టినారు."

"ఫోన్ చెయ్యి, తాగొద్దని చెప్పు."

అతను గూడేనికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"తాగడంల్యా అక్కా. మనం పలకలేదని వాళ్లే ప్లాంటు ఆపేసినారంట."

"అమ్మయ్య! మరి ఏం తాగుతున్నారు?"

"ఎముకలు వంకర్లు పోతాయని మానేసిన ఆ పాత ఫ్లోరైడ్ బోరు నీళ్లే అక్కా."

"పద, ముందు ఆ ప్లాంటు సంగతి చూద్దాం," అంటూ ఆమె బండి తాళాలందుకుంది.