గయ్యాళి గొంతుకి దారి

నాటకంలో గయ్యాళి అత్త వేషం కోసం అక్క డ్రమ్స్ తాళానికి తన గొంతు రికార్డు చేసి అయిదింటిలోగా నాటకం వాళ్ళకి పంపాలి. ఆ పని తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. వంటింటి బల్ల మీద ట్యాబ్లెట్ పెట్టి ఆరుసార్లు పాడించి, నాలుగూ నలభైకి వినిపిస్తే డ్రమ్స్ ఉన్నాయి, అక్క లేదు.

"నా గొంతేదిరా?"

"డ్రమ్స్ యాప్‌ని రికార్డర్‌కి కలిపానక్కా. మైకుని ఎకో యాప్‌కి కలిపాను. ఎకోని రికార్డర్‌కి కలపడం మర్చిపోయాను."

"అంటే ఆరుసార్లూ నా పాట ఎకోలోకెళ్ళి అక్కడే కాపురం పెట్టిందన్నమాట!"

"పోయినా పర్లేదులే. గయ్యాళి అత్త జోల పాడినట్టుంది."

"ఓహో! యాప్‌లు కలపలేనివాడు నా పాటకి వంకలు పెడుతున్నాడు!"

తమ్ముడు తలవంచుకుని తెర మీద ఎకో నుంచి రికార్డర్‌కి గీత లాగి కలిపాడు. ఎర్రచుక్క వెలిగింది, డ్రమ్స్ మొదలయ్యాయి. అక్క ఆగలేదు.

"ఇంజనీరుట, ఇంజనీరు! బల్బు మార్చమంటే ఫ్యూజు పీకావు! కుళాయి బిగించమంటే కొంప ముంచావు! ఈ ట్యాబ్లెట్ బదులు తలనొప్పి ట్యాబ్లెట్ కొనుక్కున్నా సుఖపడేదాన్ని!"

"అయిపోయిందక్కా."

"ఏమైపోయింది? నేనింకా మొదలే పెట్టలేదు!"

"ఇదే పంపేశాను. గయ్యాళంటే ఇలా ఉండాలి."

అక్క ట్యాబ్లెట్ లాక్కుంది. వీపు విమానం మోత తప్పదనుకుని తమ్ముడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"కుళాయి దగ్గర తాళం తప్పానురా. ఇంకా పావుగంటుంది, మళ్ళీ పెట్టు. ఈసారి మీ బావని తిడతాను. ఆయన దగ్గర నాకు తాళం తప్పదు."