ఎనభై తర్వాత

బండిని తిట్టుడు బంద్ చెయ్యుండ్రి వదినా. వారం సంది వింటున్న. వచ్చినోళ్ళందరిదీ ఒకటే పాట: "కరెంటు కారు ముంచింది, పెట్రోల్‌దైతే యాదలక్ష్మి నాయినను ఆఖరుసారి చూసుకునేది." మా అన్న జంగన్న గూడ అన్నడు. నువ్వు తలకాయ ఊపినవ్.

కూసో, దిగకు. పదకొండో దినం బట్టలు కదా, దిల్‌సుఖ్‌నగర్‌ల దుకాణాలు యాడికీ పోవు. ఛార్జింగ్ అయ్యేదాక పని గూడ లేదు. ఆ రోజు గూడ ఎల్‌బీనగర్‌ల గీ మిషన్ కాడనే ఆగిన. నా ముందల ఒక్క బండి లేదు. కరెంటు పోలే. మీకు చెప్పిందంతా అబద్ధం.

నాయిన ఆఖరు గడియల ఉన్నడని నువ్వు ఫోన్ చేసేటప్పటికి బండిల ముప్పై ఎనిమిది శాతం ఉండె. మన చౌటుప్పల్ ఎంత, నలభై ఐదు కిలోమీటర్లు. ఆ ఛార్జింగ్‌కు పోయి రావచ్చు. అయినా బండికి ఛార్జింగ్ గన్ను పెట్టిన.

అట్ల చూడకు, చెప్తున్న. కారుతోటి ఇచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినదాన్ని నేను. ఎనభై దాకా జల్ది ఎక్కుతది, నలభై నిమిషాలు. ఆడికెళ్ళి బిందె నిండొస్తుంటే నల్లా సన్నగ తిప్పినట్టు, అదే తగ్గించుకుంటది. మిగిలిన ఇరవైకి గంట. తెలివున్నోళ్ళు ఎనభైకే పీకి పోతరు. నేను కూసున్న. ఏసీ బంద్ చేసి, ఎండల, అంకెలు చూసుకుంట. తొంభై ఒకటి. తొంభై రెండు.

నువ్వు మళ్ళ చేసినవ్. "జర జల్ది రా, నీ పేరే తీస్తుండు, మాఫ్ చెయ్యమంటుండు" అన్నవ్. ఒస్తున్న అన్న.

తొవ్వల గూడ యాభై దాటలే. బాటసింగారం కాడ మామిడికాయల లారీలు హారన్ కొట్టుకుంట నన్ను దాటిపోయినయ్. యూనిట్‌కు తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చింది. అంత పొదుపుగ ఎన్నడూ నడపలే.

ఏడో తరగతిల నా పుస్తకాలు పొయ్యిల పెట్టిండు నాయిన. కోపంతోటి కాదు. వానకు కట్టెలు తడిసినయట. "రేపటి సంది కలుపుకు పోవుడే గద, నీకెందుకు" అన్నడు. ఆ మంటల కాగిన నీళ్ళతోటే తానం చేసిండు.

మాఫ్ చేసిన అంటే ఏం పోయేదంటవ్? ఏం పోదు. నాకు నోరు లేదా? ఆ మాట రాదని కాదు వదినా, వస్తదనే భయం. సచ్చేటోని ముందల, అందరు చూస్తుంటే, ఎవలికైనా వస్తది.

ఏడుపు ఇప్పటికీ రాలే. ఆ రోజు నూరు కాంగనే మిషన్ దానంతటదే బంద్ అయింది, గందుకే లేచిన. లేకుంటే ఇంకా కూసుందును.