బోడికొట్టమోళ్ల ఎద్దులు

"అవ్వా, ఊళ్లో మనల్ని బోడికొట్టమోళ్లు అంటారెందుకు?"

ఎవర్రా అనింది? సరేలే, అననీ. ఎగతాళికి అన్నా అది మా జేజినాయన సంపాదించిన పేరు. జేజినాయనంటే మా నాయనకు నాయన. ఆ ఫోను కొంచెం దూరం పెట్టు పాపా, మూతి కాడ పెడితే నాకు మాట రాదు.

అప్పుడు నేను చిన్నపిల్లని. కరువంటే మీకేం తెల్సు? ఇప్పుడు బియ్యమిస్తారు, బోర్లుండాయి. ఆ కాలాన వరసగా రెండేండ్లు వాన లేదు. రెండా, మూడా... మా అన్న ఉంటే కచ్చితంగా చెప్పేటోడు. మనుషులు గెడ్డలో ఆకులో తిని బతుకుతారు, పశువులకేం పెడతావు? యాడా కసువు పోచ లేదు. ఊరోళ్లంతా ఎద్దుల్ని సంతకు తోలినారు. జత ఎద్దులు మేకపిల్ల ధరకు పోయినాయంటే నమ్ముతావా? తోలిన పొద్దు మగోళ్లు గూడా ఏడ్చినారు, నేను చూసినా.

మా జేజినాయన మాత్రం అమ్మల్యా. ఉండేది ఒకటే జత. "రేపు వాన పడితే విత్తే గొర్రు నేను లాగల్నా?" అనె. మొండోడులే. ఒకసారి పెండ్లిలో మర్యాద చేయల్యాదని ఆ ఊరి నీళ్లే మళ్లా తాగల్యా ఆయప్ప. సరే, అది వేరే కత.

తుమ్మకాయలు ఏరకొచ్చె, నాగజెముడు మట్టల ముండ్లు మంటలో కాల్చి ఎద్దులకు పెట్టె. అవీ అయిపాయ. ఒకనాడు పొద్దున్నే నిచ్చెనేసుకోని కొట్టం మీదికెక్కినాడు. మా ఇల్లు బోదగడ్డి కప్పిన కొట్టం. ఆ కప్పు పీకి కింద పడేస్తాండాడు! మా జేజి, అదే మా నాయన తల్లి, పరిగెత్తుకోనొచ్చి, "నీకు పిచ్చిగిన పట్టిందా, ఇంట్లో పిల్లోళ్లుండారు!" అని అరిచె. "పిల్లోళ్లు ఎండకు నల్లబడతారు గానీ చావర్లే, అవి చస్తాయి" అనె పైనుంచే.

దినామూ కొంచెం కొంచెం పీకేది, దుమ్ము దులిపేది, ఉప్పునీళ్లు చల్లి పెట్టేది. పొగచూరిన గడ్డి గదా, మొదట మూతి తిప్పుకున్యాయి. ఆకలి ఊరుకుంటాదా, తినినాయి. ఊరోళ్లు చూసేకొచ్చి ఒకటే నవ్వు. ఎదురింటి ఓబుళప్ప అయితే, "ఏమప్పా, రేపు గోడలు గూడా మేపుతావా?" అనె. అప్పుడే ఈ పేరు పడింది. మా జేజి జేజినాయనతో మాటలు మానేసింది. సంగటి ముద్ద దభీమని ముందర పెట్టి ఎలబారి పోయేది.

ఆఖరుకు పొయ్యి పైన కప్పు మూల ఒకటే మిగిలింది. అది పీకితే వంటెట్ల చేయల్ల అని జేజి నిచ్చెన పట్టుకొని నిలబడింది, ఇయ్యల్యా. ఆ పొద్దే ఒక ఎద్దు లేయలేక కూలబడిపాయ. జేజి దాన్ని చూసింది. తనే నిచ్చెనేసింది, తనే ఎక్కింది, ఆ మూల తన చేత్తో పీకి దాని నోటికందిచ్చింది. తెల్లారికి అది లేచి నిలబడె.

నాలుగు దినాలకు వానొచ్చె, పాపా! బయటెంత వానో ఇంట్లో గూడా అంతే వాన. బట్టలూ పిండీ అన్నీ తడిసిపాయ. జేజి ఏడుస్తాందో నవ్వుతాందో మాకు తెలీల్యా. జేజినాయన ఎద్దుల వీపులు రుద్దుకుంటా నిలబడినాడు.

తెల్లారేసరికి ఊరంతా మా వాకిట్లో ఉండాది. మన ఎర్రనేలల్లో పదును ఎన్నాళ్లుంటాది చెప్పు? ఆ తడి ఆరేలోపల విత్తల్ల. ఎద్దులు చూస్తే మా ఒక్కరికే. ఓబుళప్ప అందరెనకాల తలకాయ దించుకొని నిలబడినాడు. మా నాయన, "ముందు మన చేను విత్తుకుందాం నాయనా" అనె. జేజినాయన గొర్రు భుజానికెత్తుకొని, "ఓబుళప్పా, నీది గరుసునేల, అందరికన్నా ముందు ఆరేది నీదే. పా, ఇత్తనాలు తీసుకో" అనె.

మా చేను అందరి తర్వాత విత్తినాడు. అప్పటికే తడి ఆరిపోయి సగం మొలకల్యా. మా నాయన గునిసినాడు గానీ, జేజి మాత్రం ఆ పొద్దు సంగటి జేజినాయన చేతికిచ్చి పక్కనే కూచునింది. ఇప్పుడు చెప్తాంటే గూడా నా ఒళ్లు పులకరిస్తాది చూడు. అట్లాంటోని మనమరాలిని నేను!

నువ్వూ సల్లగుండు తల్లీ. నీ వాకిలికి తలకాయ దించుకొని ఎవరన్నా వస్తే, తల ఎత్తుకొని పోయేటట్ల పంపు. అంతే, ఇంగేం చెప్పల్ల...