ఖల్ఫాన్ మూట విప్పడు

నిజ్వా పట్నం పక్క పల్లెలో, పొద్దుటి కాఫీకి సావడిలో చేరిన జహ్రాన్ చూపంతా ఖల్ఫాన్ ఒళ్ళోని గుడ్డమూట మీదే ఉంది. జహ్రాన్ తన ఇంట్లో దాచుకున్న ఖర్జూరపు పుప్పొడికి వాన చెమ్మ తగిలి బూజు పట్టింది. తోటలో ఆడ ఖర్జూరాలేమో అప్పుడే పూపొత్తులు విచ్చుకున్నాయి, మగ చెట్టు ఇంకా పూతకే రాలేదు. రేపో ఎల్లుండో పూలకి పొడి అద్దకపోతే ఈ ఏడాది పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ మూటలో ఉన్నది పుప్పొడేనని, అది ఇస్తానని అంటున్నాడు ఖల్ఫాన్. బదులుగా జహ్రాన్ వంతు కాలువ నీళ్ళు ఎండాకాలమంతా తన తోటకి పారాలట. మరి మూట విప్పి చూపించడేం? అదే జహ్రాన్‌కి మింగుడుపడటం లేదు.

"పొడిని నీడన ఆరబెట్టి, గుడ్డలో కట్టి, అటక మీద పెట్టానంతే," అని నెమ్మదిగానే మొదలెట్టాడు ఖల్ఫాన్. "ఇది మూడేళ్ళ కిందటిది... కాదు కాదు, మా నాన్న కట్టిన మూట. పోయినేడు చిటికెడు అద్దానా, గెలల బరువుకి చెట్టు వంగి నేలకి ఆనింది, చాప మీద కూర్చునే కోసుకున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూట పట్టుకుని ఉండగా నాకో తుమ్మొచ్చింది. పొడి లేచి, కొండ దాటెళ్ళి, బహ్లాలో ఎవరిదో ఎండిపోయిన చెట్టుకి కాయలు కాయించింది! అంతెందుకు, మా ఇంటి దూలం ఖర్జూరపు మొద్దేగా, దానికీ గెల వేసింది. పడుకుని నోరు తెరిస్తే చాలు, పండు రాలి నోట్లో పడేది."

"ఆ మొద్దు ఆడదేనా?" అనడిగాడు పక్కనే కాఫీ తాగుతున్న ముసలి సైఫ్.

"ఆడదే మామా. మగదైతే కాయదుగా, ఆమాత్రం తెలీదా నాకు?"

జహ్రాన్ మూట విప్పమన్నాడు. గాలి తగిలితే పొడి బలం పోతుందన్నాడు ఖల్ఫాన్. కొండ దాటిన పొడికి సావడి గాలి పడదా అని జహ్రాన్ అనుమానం ఇంకా ముదిరింది. అది కనిపెట్టి ఖల్ఫాన్ ఉడుక్కున్నాడు. మూట చంకన పెట్టుకునే ఇంటికి పరిగెత్తి, పళ్ళెం నిండా ఎండు పళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

"పోయినేడు ఈ పొడితోనే కాసినవి. తిను, ఆ తర్వాత మాట్లాడు."

జహ్రాన్ ఒకటి కొరికాడు. పంటికి గింజ తగల్లేదు. ఇంకోటి చీల్చి చూశాడు, అందులోనూ లేదు. సైఫ్ కూడా ఒకటి నోట్లో వేసుకుని, గింజ కోసం నాలుకతో వెతికి వెతికి, ఖల్ఫాన్ వైపు అదోలా చూశాడు.

"చూశారా బలం!" అన్నాడు ఖల్ఫాన్, కాస్త తడబడుతూనే. "లోపలి గింజలు కూడా కరిగిపోయాయి."

మోసపోకుండా తప్పించుకున్నానని జహ్రాన్‌కి ఊరట కలిగింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"పొడి అందని పూతకే గింజలేని కాయ కాస్తుంది, ఖల్ఫాన్. నా నీళ్ళు నా తోటకే పారతాయి. ఈ పళ్ళు మీ మేకలకి పెట్టు. నేను పక్కూరెళ్ళి ఎవర్నైనా బతిమాలుకుని పొడి తెచ్చుకుంటా. వచ్చేటప్పుడు నీ చెట్లకి కూడా చిటికెడు తెస్తాలే."