బుధవారం సంచి

నా పేరు విశాలి. తండ్రి పేరు సూరయ్య. వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. శ్రీకాకుళంలో ఒక నిర్మాణ కంపెనీ ఆఫీసులో ప్రాజెక్టు కోఆర్డినేటరుగా పని చేస్తున్నాను. మా ఇంజనీరు హరిచరణ్ గారి మరణం గురించి మేజిస్ట్రేటు గారు అడగగా, నాకు తెలిసింది చెబుతున్నాను.

భావనపాడు ఒడ్డున మా కంపెనీ చేపలు ఆరబెట్టే షెడ్లు కడుతోంది. ప్రతి బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి అక్కడ సైటు మీటింగు. ఏ మీటింగుకి ఎవరు వెళ్ళాలో షెడ్యూలు సాఫ్ట్‌వేరులో పేర్లు వేసేది నేనే. ఒక్కసారి పేరు వేస్తే వారం వారం అదే పడుతుంది. ముందురోజు సాయంత్రం వాళ్ళ ఫోను మోగి గుర్తు చేస్తుంది. మేనేజరు మురళీమోహన్ గారు చెప్పిన మీదట, ఆగస్టు నుంచి ఆ మీటింగుకి హరిచరణ్ గారి పేరు వేశాను.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉంది. బుధవారం మీటింగులో ఎవరి పేరుంటే వాళ్ళకి మంగళవారం సాయంత్రం నేను ఒక సంచి ఇస్తాను. ఆకుపచ్చ గుడ్డ సంచి, మా అమ్మ కుట్టింది. తిరిగొచ్చేటప్పుడు అందులో మా అందరికీ ఎండు మెత్తళ్ళు, అంటే చిన్న ఎండు చేపలు, తెస్తారు. పేరు లేనివాళ్ళకి సంచి ఇవ్వను.

హరిచరణ్ గారిది శృంగవరపుకోట. గుళ్ళో నాదస్వరం వాయించే కుటుంబం. నీసు ముట్టరు. అయినా మా కోసం తెచ్చేవారు. సంచిని తన బ్యాగులో పెట్టుకోకుండా బండి హేండిలుకి తగిలించుకునేవారు. "మీ కూర రుచేటో నాకు తెల్దు గానీ విశాలీ, వాసన మట్టుకు నా బండికి పట్టేసినాది. మాయమ్మకి తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనీదు," అని నవ్వేవారు. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళు నవ్వకుండా ఉండలేరు.

అక్టోబరు 14, మంగళవారం సాయంత్రం సంచి ఇచ్చాను. రేపు వాన అంటున్నారు, జాగ్రత్త అన్నాను. "నేను తడిసినా పర్లేదు, మీ మెత్తళ్ళు తడవనీనులే," అన్నారు. అవే ఆఖరి మాటలు. మర్నాడు ఉదయం నౌపడ దాటాక, ఉప్పుమళ్ళ దగ్గర బండి జారి పడి చనిపోయారు. పదింటికి ఆఫీసుకి కబురొచ్చింది.

కర్మకాండలు అయ్యాక, అక్టోబరు 28న ఆయన భార్య యమున గారు నాకు ఫోను చేశారు. "ఆయన ఫోను మళ్ళీ మోగుతోందమ్మా. భావనపాడు మీటింగు అని వస్తోంది. మా పాప ఆ ఫోను పట్టుకుని, నాన్నకి టైమైపోతోందని ఇల్లంతా తిరుగుతోంది. దాన్ని ఆపగలవా?" అన్నారు. నేను అప్పుడే పేరు తీశాను. ఈ ఒక్క మీటింగుకేనా, అన్నింటికీనా అని సాఫ్ట్‌వేరు అడిగింది. అన్నింటికీ అని నొక్కాను. ఆ పాప మళ్ళీ వినకూడదని నొక్కాను. రాబోయేవే పోతాయనుకున్నాను. జరిగిపోయిన బుధవారాల్లోంచి కూడా ఆయన పేరు పోయింది. ఆయన ఫోన్లోనూ లేకుండా పోయింది. తిరిగి తేవడం ఎవరివల్లా కాలేదు.

ప్రమాదం జరిగిన రోజు హరిచరణ్‌కి మీటింగు లేదని, చేపల కోసం సొంత పని మీద వెళ్ళాడని, బండికున్న సంచే సాక్ష్యమని, పరిహారం ఇవ్వకుండా తప్పించుకోడానికి కంపెనీ పోలీసులకి రాసింది. నేను మురళీమోహన్ గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "సిస్టంలో పేరు నేదు. నేనేటి సెప్పగలను? నీ ఉజ్జోగం సూసుకో అమ్మా," అన్నారు. ఆఫీసులో అందరికీ నిజం తెలుసు. అందరూ ఆ మెత్తళ్ళు తిన్నవాళ్ళే. ఒక్కరూ నోరు మెదపడం లేదు. నాకు ఒళ్ళు మండుతోంది.

నేను శృంగవరపుకోట వెళ్ళాను. ఆయన తల్లి ప్రసూనాంబ గారు అన్నం ముట్టడం లేదు. "నీసు కోసం పోయి నా కొడుకు సచ్చిపోనాడంతన్నారు. నిజవేనేటే?" అని నన్ను అడిగారు. నేను ఏడ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పని మీదే వెళ్ళారు. పంపింది కంపెనీ. పేరు వేసింది నేను, తీసింది నేను. ఆ సంచి నాది. ఆయన పేరు ఆ మీటింగులో ఉంది కాబట్టే ఇచ్చాను, లేకపోతే ఇచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు సంచి నాకు చూపించారు. నాదేనని గుర్తుపట్టాను. నేను ఉతికి ఇచ్చినట్టే ఉంది, చేపల వాసన లేదు. ఆయన వెళ్ళేటప్పుడే పోయారు, వచ్చేటప్పుడు కాదు. సంచి ఖాళీగా ఉందని దయచేసి రాయండి. వాళ్ళమ్మగారికి చదివి వినిపించాలి.

నేను చెప్పింది చెప్పినట్టు రాసి, నాకు చదివి వినిపించారు. ఖాళీ అన్న మాట ఉందో లేదో నేనే వేలు పెట్టి చూసుకున్నాను. ఉంది. ఎవరి భయంతోనూ చెప్పలేదు, ఇదంతా నిజం.

(సంతకం)
సూ. విశాలి