వెనక తలుపు అద్దం

నా వయసు నలభై మూడు. దర్జీ పని చేస్తాను. ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడతాను. నా భర్త నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. మా అత్తగారు, అంటే ఆయన తల్లి, మా దగ్గరే ఉండేవారు. ఆమె వయసు డెబ్బై ఒకటి. మొన్న గురువారం ఉదయం ఆరుంబావుకు ఆసుపత్రిలో పోయారు.

కారులో ఇరుక్కున్నప్పుడు అద్దం పగలగొట్టే పనిముట్టు అని చెప్పి ఒక షాపాయన ఉత్త బొమ్మ అంటగట్టారని, అది పనిచేయకపోవడం వల్లే తల్లి పోయిందని నా భర్త నిన్న ఫిర్యాదు ఇచ్చారు. దాని మీద ఆ షాపాయన్ని తీసుకొచ్చి ఇక్కడ స్టేషన్లో కూర్చోబెట్టారు. ఫిర్యాదులో ఉన్నది నిజమేనా అని అడగడానికి ఈ రోజు, శనివారం, నన్ను పిలిపించారు. నా భర్తే స్కూటర్ మీద తీసుకొచ్చారు. బయట వరండాలో ఉన్నారు.

ఆ వస్తువు కొన్నది మూడు వారాల కిందట, ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటలకు. అంతకుముందు వారం మా ఆయన ఆఫీసులో ఒకాయన కారులో వైర్లు కాలి, తలుపులు బిగుసుకుపోతే, దారిన పోయేవాళ్లు రాయి పెట్టి అద్దం కొట్టి బయటికి లాగారట. అది విన్నప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు. మనమూ ఒకటి కొనాల్సిందేనని పట్టుబట్టారు.

షాపు చిన్నది. కార్ల సీటు కవర్లు, స్టిక్కర్లు, రబ్బరు వాసన. ఆ షాపాయన్ని అందరూ స్టిక్కర్ల మాస్టారు అంటారు. వస్తువు కొనడానికి వెళితే పాఠం చెప్పి గానీ పంపడని ఆ పేరు. మా ముందు మూడు రకాలు పెట్టారు. ఒకటి ఉక్కు మొన ఉన్న చిన్న సుత్తి. ఒకటి టార్చి, ఈల కూడా ఉన్న పెద్ద సుత్తి. మూడోది బొటనవేలంత ఉంటుంది. అద్దానికి ఆనించి నొక్కితే లోపల స్ప్రింగు వదులుకుని మొన టక్కున కొడుతుంది. మా ఆయన టార్చి ఉన్నదాన్ని చేతిలో ఊపి చూసి ఇదే కావాలన్నారు. ఏ వస్తువైనా బరువుగా ఉంటేనే ఆయనకు గురి. కారులోకి నీళ్లొస్తే సుత్తి ఊపడానికి చోటుండదని, నీళ్లలో చెయ్యి విసురు తగ్గిపోతుందని, నొక్కేదైతే ముసలివాళ్లు కూడా వాడగలరని షాపాయన చెప్పారు. నేను చిన్నదే తీసుకుందామన్నాను. "ఇది కీచైన్‌కి తగిలించుకునే బొమ్మలా ఉంది" అని మా ఆయన అన్నారు. సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. ఎక్కడో గొట్టం పగిలిందట. మాట్లాడుతూ రోడ్డు అవతలికి వెళ్లిపోయారు.

ఆయన లేనప్పుడు షాపాయన నాకు చెప్పిన మాటలు ఇవి. ఇవి నేను ఒక్కదాన్నే విన్నాను.

గోనెపట్టా పరిచిన తొట్టిలో పాత కారు తలుపు అద్దం ఒకటి పెట్టి, నా చేతికి ఆ చిన్నదిచ్చి నొక్కమన్నారు. మధ్యలో కాదు, మూలకు అన్నారు. నొక్కాను. అద్దమంతా పలుకులు పలుకులుగా రాలిపోయింది. తర్వాత మా కారు దగ్గరకు వచ్చి, ముందు తలుపు అద్దం మూలన ఉన్న సన్నని అక్షరాలను బొటనవేలితో తుడిచి చూపించారు. అది రెండు పొరల అద్దమట. మధ్యలో పలచని ప్లాస్టిక్ పొర ఉంటుందట. ఎన్ని దెబ్బలు కొట్టినా బీటలు వారుతుంది తప్ప ఊడి రాదట. "అమ్మా, మీ కారుకి ముందు అద్దాలేవీ దీనికి లొంగవు. వెనక తలుపు అద్దమే కొట్టాలి. ఏదీ, ఒకసారి చెప్పండి" అన్నారు. నేను నవ్వి, వెనక తలుపు అద్దమే కొట్టాలి అని అప్పజెప్పాను. నేను ఆ చిన్నదే కొన్నాను. పాకెట్ విప్పి చేతికందే చోట తగిలించుకోమని కూడా ఆయన చెప్పారు.

ఇంటికి వెళుతూ, ముందు అద్దం కాదట, వెనకదట అని మా ఆయనతో అన్నాను. ఆయన ఊఁ అన్నారు. ఆయన మనసింకా ఆ పగిలిన గొట్టం దగ్గరే ఉంది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఏది విన్న ఊఁ, ఏది వినని ఊఁ అనేది నాకు బాగా తెలుసు. అది వినని ఊఁ. మళ్లీ చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత మూడు వారాలున్నాయి, అప్పుడూ చెప్పలేదు.

పాకెట్ కూడా విప్పలేదు. మా ఆయనకు కొత్త వస్తువు కవరు తీస్తే ప్రాణం పోయినట్టుంటుంది. మా ఇంట్లో టీవీ రిమోట్ నాలుగేళ్లుగా కవర్లోనే ఉంది, దాని మీద అంకెలు కూడా కనపడవు. ఇదీ అలాగే, మందపాటి ప్లాస్టిక్ పాకెట్లో ఉన్నది ఉన్నట్టుగా, ముందున్న డాష్‌బోర్డు పెట్టెలోకి వెళ్లింది. విప్పి పెడదామంటే "ఎక్కడికి పోతుంది, ఉండనీ" అన్నారు. అత్తయ్య కూడా కొడుకు వైపే మాట్లాడారు. నేను ఊరుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అత్తయ్యను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. కళ్లలో చుక్కల మందు వేసి, నల్లకళ్లద్దాలు పెట్టి, సాయంత్రం దాకా చూపు సరిగా ఆనదని చెప్పి పంపారు. మూడున్నరకు అక్కడి నుంచి బయల్దేరాం. వెనక కూర్చుంటే అత్తయ్యకు కడుపులో తిప్పుతుంది కాబట్టి ముందు సీట్లో కూర్చున్నారు. నేను ఆమె వెనక కూర్చున్నాను. సన్నగా వాన పడుతోంది. కాలువగట్టు రోడ్డు మీదికి వచ్చేసరికి మూడూ యాభై రెండు. నాలుగున్నరకు ఒకామె పిల్లవాడి చొక్కాల కోసం వస్తానంది, అందుకని నేను గడియారం వైపే చూస్తున్నాను.

ఎదురుగా లారీ వస్తే మా ఆయన పక్కకు తప్పించారు. అంచున మట్టి జారింది. కారు మెల్లగానే దిగింది, పెద్ద చప్పుడు కూడా కాలేదు. ముందు భాగం నీళ్లలోకి వంగింది. తలుపులు రాలేదు. అద్దాలు దించే బటన్లు ఆయన అన్నీ నొక్కారు, ఒక్కటీ కదల్లేదు. నీళ్లు ముందు అత్తయ్య కాళ్ల దగ్గరికే వచ్చాయి. ఆమెకు ఏమీ కనపడదు. "నాన్నా, కాళ్లు తడుస్తున్నాయిరా. అద్దం దించావా?" అని అడిగారు.

మా ఆయన పెట్టె తెరిచి పాకెట్ తీశారు. చేత్తో చింపబోతే రాలేదు. పళ్లతో లాగినా రాలేదు. వెనక్కి నాకు విసిరారు. నా సంచీలో దారం తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. దాంతో రెండు వైపులా కోసి విప్పాను. ఒక జేబు కుట్టేంత సేపు పట్టింది.

అప్పుడు ఆ వస్తువు నా చేతిలో ఉంది. వెనక తలుపు అద్దం నా మోచేతి పక్కనే ఉంది. ఏ అద్దం కొట్టాలో నాకు తెలుసు. ఆయన చెయ్యి వెనక్కి చాచారు. నేను ఇచ్చాను.

ఎందుకిచ్చావని మీరు అడిగారు. భయంతో బుర్ర పనిచేయక కాదు సార్, నాకు అంతా తెలుస్తూనే ఉంది. మా ఇంట్లో సీసా మూత రాకపోతే ఆయనకిస్తాను. మేకు కొట్టాలంటే సుత్తి ఆయనకిస్తాను. ఆ అలవాటు మీద ఇచ్చేశాను.

ఆయన ముందు తలుపు అద్దానికి ఆనించి నొక్కారు. పద్నాలుగు సార్లు నొక్కారు. కుట్లు లెక్కపెట్టే అలవాటు వల్ల నాకు ఆ లెక్క తెలుసు. నొక్కినప్పుడల్లా తెల్లటి మచ్చ పడింది తప్ప అద్దం ఊడలేదు. ఆరోసారికి వెనకది కొట్టాలని నేను అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అత్తయ్య కొడుకును పిలుస్తూనే ఉన్నారు. పద్నాలుగోసారి తర్వాత ఆయన దాన్ని విసిరికొట్టి, మోచేత్తో అద్దాన్ని గుద్దడం మొదలుపెట్టారు. అప్పటికి నీళ్లు అత్తయ్య గుండెల దాకా వచ్చాయి.

రెండు సీట్ల మధ్య పడ్డ ఆ వస్తువును నేను తీసుకున్నాను. వెనక అద్దం కింది మూలకు ఆనించి నొక్కాను. ఒక్కసారే. అద్దమంతా నా ఒళ్లో రాలింది. నా అరచెయ్యి తెగింది అప్పుడే.

అది ఆయన చూడలేదు. ఆయన అటు తిరిగి అత్తయ్య బెల్టు ఊడదీస్తున్నారు. గట్టు మీద గడ్డి కోసే ఇద్దరు అప్పుడే నీళ్లలోకి దిగి మా వైపు వచ్చారు. వాళ్లే రాయితో కొట్టారని ఆయన అనుకున్నారు. ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. ఆయన ఫిర్యాదులో అబద్ధం లేదు సార్, తెలియకపోవడం ఉంది.

ఆ ఇద్దరూ నన్ను ముందుగా బయటికి లాగారు. ఆయన అత్తయ్యను సీట్ల మధ్య నుంచి వెనక్కి తోస్తుండగా ముందు భాగం ఇంకా కుంగింది. ఆమె తల మునిగింది. బయటికి తీసేటప్పటికి ఒంటి మీద తెలివి లేదు. నల్లకళ్లద్దాలు మాత్రం పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉన్నారు. కొద్ది నిమిషాల ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నారు. ఆ కొద్ది నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు తెలుసు.

అది ఎందుకు పగల్లేదు అని మంగళవారం నుంచి ఇప్పటి దాకా మా ఆయన నన్ను నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ తెలియదన్నాను. నాకు సిగ్గుగా ఉంది. అత్తయ్యతో నాకు సరిపడేది కాదని వీధిలో అందరికీ తెలుసు. ఉప్పు ఎక్కువైందని ఆమె, తక్కువైందని నేను, రోజూ ఉండేదే. కానీ ఆమె పోవాలని నేను ఏనాడూ అనుకోలేదు. ఆయన అలా అనుకుంటారేమోనన్న భయంతోనే నోరు విప్పలేదు.

ఇందాక నేను లోపలికి వస్తుంటే షాపాయన బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డారు. నన్ను తిట్టలేదు. "అమ్మా, వెనక అద్దమే కొట్టారు కదా?" అని అడిగారు. నేను ఆగకుండా లోపలికి వచ్చేశాను.

జవాబు ఇదే. ఆయన అమ్మిన వస్తువు మంచిది. చెప్పాల్సింది ఆయన చెప్పారు, విన్నదాన్ని నేను. ఆయన్ని ఇంటికి పంపించండి. ఇందులో ఉన్నదంతా నేను చూసింది, చేసింది, చేయనిది. ఎవరో చెప్పమంటే చెప్పింది కాదు. కుడిచేతికి కట్టు ఉన్నందువల్ల సంతకం పెట్టలేక ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

నమోదు చేసిన అధికారి రాసుకున్నది: పై వాంగ్మూలం ఆమెకు చదివి వినిపించాను. అంతా సరిగ్గా ఉందన్నారు. భర్తకు ఈ సంగతి తన నోటితో చెప్పలేనని, నన్నే చదవమని, తాను మాత్రం ఆయన పక్కనే కూర్చుంటానని కోరారు. పన్నెండూ పదికి భర్తను పిలిచి మొత్తం చదివాను. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చారు. షాపు యజమానిని పంపించేశాను. కాగితాలు సర్దుతుండగా, భార్య వాంగ్మూలంలో ఒక తప్పు ఉందని, దిద్దాలని ఆయన అడిగారు. ఏమిటన్నాను.

"ఇచ్చానని రాయించింది సార్. తను ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను. అలా రాయండి."

ఆమె కాదన్నారు. తానే ఇచ్చానన్నారు. ఇద్దరిలో ఎవరూ మాట మార్చుకోలేదు. ఇద్దరి మాటా ఉన్నదున్నట్టు రాసి, ఆమె ముద్ర కింద ఆయన సంతకం తీసుకున్నాను.